పక్కకు పడ్డ ఎర్రగీత

మా అక్కకు ఆఫీసులో పెట్టిన పేరు ఉలిపికట్టె. ఊరందరిదీ ఒక దారైతే ఆమెది ఇంకో దారని. పెట్టినవాళ్ల మొహం మండ.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే కంపెనీ అది. రాసినదాంట్లో తప్పుంటే సరిగ్గా ఆ అక్షరం కింద ఎర్రగీత పడాలి. అక్క అక్కడ కాంట్రాక్టు మనిషి. తప్పు అక్షరాన్ని ఒక్క నొక్కుతో తీసేసే బటన్ చేసిపెడితే పర్మనెంట్ చేస్తామన్నారు. చేసింది. నొక్కితే అది తప్పును వదిలేసి, దాని ముందున్న మంచి అక్షరాన్ని మింగేస్తోంది.

మా భోజనాల బల్లే అక్క ఆఫీసు. కంచం పెట్టడానికి చోటుండేది కాదు. విసుక్కుంటూనే మేం ఒళ్లో పెట్టుకు తినేవాళ్లం. చివరికి కారణం పట్టుకుంది. ఆ ఎడిటర్‌లో రాసే ప్రతి ఫైలు మొదట్లోనూ కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుందట. రాసినదాన్ని చదివి అర్థం చేసుకునే పార్సర్ అనే భాగం దాన్ని లెక్కలో వేసుకోకుండా దాటేస్తోంది. ఇక అక్కణ్నుంచి ప్రతి అక్షరం స్థానమూ ఒకటి తక్కువ చెబుతోంది.

"ఆ సంగతి అందరికీ తెలుసమ్మా," అన్నాడు మేనేజరు ఫోన్లో. "ఎర్రగీత టీమువాళ్లు స్థానానికి ఒకటి కలుపుకున్నారు. వెతుకుడు టీమువాళ్లూ కలుపుకున్నారు. నువ్వూ కలిపేసుకో. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"మూలంలోనే దిద్దేస్తే పోతుంది కదండీ."

"సరే, నీ ఇష్టం."

దిద్దింది. మర్నాటికి అందరి గీతలూ ఒక అక్షరం పక్కకు జరిగాయి. మరి కలుపుకున్న ఒకట్లు అలాగే ఉన్నాయి కదా! వాటిని తీయడానికి ఒక్కరికీ చేతులు రాలేదు. పాత తప్పును పాతచోటే పెట్టెయ్యమని అక్కకే హుకుం.

ఏడుస్తూ పెట్టి, తన బటన్‌కూ ఒకటి కలుపుకుంది. ప్రోగ్రాములో ఏ వరుస ఎవరు రాశారో ఆ కంపెనీలో కంప్యూటరే చూపిస్తుంది, అదీ చివరిసారి ముట్టుకున్నవాళ్ల పేరుతో.

కొన్నాళ్లకు ఆ పార్సర్‌ను నేరుగా వాడుకునే వాడకందారు ఎవరో స్థానాలు ఒకటి తక్కువ వస్తున్నాయని ఫిర్యాదు చేశాడు. పైవాళ్లు ఆ వరుస తెరిచి చూస్తే అక్క పేరు. ఇలాంటి మనిషిని పర్మనెంట్ ఎలా చేస్తామన్నారు. మేనేజరు అక్కడే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడట. వాడి నోరు పడిపోను!

లాప్‌టాప్ తిరిగిచ్చి వచ్చిన రోజు అమ్మ, "పోనీలేవే, నువ్వు చేసింది వాళ్లకు పనికొస్తుందిగా," అంది.

"నాతోపాటే ఆ బటన్నూ తీసేశారమ్మా," అంది అక్క చెప్పులు విప్పుతూ. "నా పేరుతో అక్కడ మిగిలింది ఆ తప్పొక్కటే."