అరచేతిలో చుక్క

లెక్కల టీచరు బడిలో పులి, వంటింట్లో పిల్లి. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా, కూర దించేముందు గరిటెతో చుక్క తీసి భర్త అరచేతిలో వేస్తుంది. "ఉప్పు సరిపోయిందా?" అంటూ ఆయన మొహంలోకే చూస్తుంది. ఆయన "ఊఁ" అన్నాకే పొయ్యి ఆర్పుతుంది. పోయిన నెల కేకు కూడా అలాగే ఆయనకు చూపిద్దామని మధ్యలో ఓవెన్ తలుపు తెరిచింది. అది కాస్తా కుంగి గట్టిపడింది. "సుత్తి తేనా వదినా?" అని నవ్వింది ఆడపడుచు.

ఈ ఆదివారం ఆ ఆడపడుచే మళ్లీ హాల్లో కూర్చుంది. టీచరు ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది. "మాడు వాసనొస్తోంది వదినా!" అని కేక వినబడింది. "పోనీ, ఒకసారి తెరిచి చూడు," అన్నాడు వెనకే నిలబడ్డ భర్త. ఆమె చెయ్యి పిడిదాకా వెళ్లింది. గట్టిగా వాసన పీల్చి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "మాడటం లేదు. ఇంకా కాలేదు." ఇంకో ఆరు నిమిషాలు లెక్కపెట్టి, అప్పుడు ఓవెన్ ఆపింది.

బయటికి తీసిన కేకు నిండుగా పొంగి ఉంది. చల్లారాక కోస్తుంటే, భర్త అలవాటుగా అరచెయ్యి చాపాడు. ఆమె మొదటి ముక్క తన నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని తీరిగ్గా నమిలింది. "బాగుంది," అంది ఎవరూ అడక్కముందే. తర్వాత చాపిన చేతిలో రెండో ముక్క పెట్టింది.