గద్వాల నుంచి ఐదో మాటతో

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చీల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన ఉంటుంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. మొదటి మాట దొరికినవాడు అదృష్టవంతుడు, అప్పటికింకా జనం మేలుకునే ఉంటారు. ఐదోది దాహం గురించిన మాట. అది ఎవరికీ అక్కర్లేదు, ఎందుకంటే ఆ వేళకి ముందు నలుగురూ టైమంతా మింగేసి ఉంటారు. ఆ కరువు ఏడాది, రెండువేల నాలుగులో, నాగర్‌కర్నూల్ దారిలోని ఓ పల్లె పాస్టరుగారు ఫోన్ చేసి ఐదో మాటకి మనిషి దొరకలేదన్నారు.

నేను గద్వాలలో హైస్కూలు తెలుగు మాస్టర్ని. మైకు ఉందంటే చాలు, ఎంత దూరమైనా వెళ్తాను. వారం రోజులు కూర్చుని, శ్రమల్లో ఆత్మబలం ఎలా వస్తుందో పదకొండు పాయింట్లు రాసుకున్నాను. అంతటితో ఊరుకోక, ఆ రోజు తిరిగి ఇల్లు చేరేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనని ఇంట్లోనూ స్టాఫ్‌రూమ్‌లోనూ చాటించాను. నా భార్య మాత్రం గొడుగు పట్టుకెళ్లమంది.

పొద్దున ఏడింటికి వనపర్తి బస్సెక్కాను. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, ఎండంతా కుడివైపు వాళ్లకే. నేను కుడివైపు కూర్చున్నాను. ఎనిమిదింటికి బీచుపల్లి వంతెన వచ్చింది. కృష్ణలో నీళ్లకన్నా బండలే ఎక్కువ కనిపించాయి. పక్క సీట్లో కుట్టుమిషన్లు బాగుచేసే ముసలి సాయిబు ఒకాయన నీళ్ల సీసా నావైపు చాచాడు. ఉపవాసమని చెప్పాను. ఎందుకు, ఏ ఊరికి, ఎన్ని పాయింట్లు, అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మా రోజాల గూడ ప్రయాణంల ఉన్నోనికి మాఫీ ఉంటది సార్. జర గొంతు తడుపుకొని మాట్లాడితే ఏమైతది?" అన్నాడు.

నా భక్తి లోతు ఈయనకేం తెలుసులే అని నవ్వుకున్నాను. ఆయన పెబ్బేరులో దిగిపోయాడు.

తొమ్మిది దాటాక వనపర్తి. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో పూరీలు బాగుంటాయి, వాసనను బట్టి చెబుతున్నాను. పదింటికి నాగర్‌కర్నూల్ బస్సు దొరికింది. నా పక్కన యాభై ఏళ్లావిడ కూర్చుంది, పేరు రత్నమ్మ. చేతిలో దవాఖాన మందుల పొట్లం. నా ఉపవాసం గురించి చెబుతుండగా మాటల్లో తెలిసింది, ఆమెది నేను వెళ్లే ఊరే, ఆ చర్చే. భర్త మూడేళ్ల కింద పోయాడు. కూతురు ప్రసవించి ఎనిమిది రోజులైంది, అల్లుడు బొంబాయిలో మట్టిపని చేస్తున్నాడు. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. మూడు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది, ఆ రోజు రెండింటికి రావాలి. ఇంట్లో కడవ అడుగంటింది. ట్యాంకరు తప్పిపోతే బాలింతకీ పసిగుడ్డుకీ ఆదివారం దాటేదాకా నీళ్లుండవు.

గోపాల్‌పేట దగ్గర టైరు పంక్చరైంది. ఆమె నా వాచీలో టైమెంతని పదిసార్లు అడిగింది. నేను ఆరో పాయింటు తీశాను. కష్టాలు వచ్చేది దేవుడు మనకి బలం ఇవ్వడానికేనని నిదానంగా వివరించాను.

"బలమైతే ఇచ్చిండు సార్. లేకుంటే గిన్నొద్దులు ఎట్ల నిలబడ్త? ఇప్పుడు కావల్సింది నీళ్లు," అంది.

ఈ జవాబు నా నోట్సులో ఎక్కడా ఇమడలేదు.

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా చర్చి చేరాం. రేకుల షెడ్డు. గేటు ముందు ట్యాంకరు కోసం వంతుగా పెట్టిన ప్లాస్టిక్ బిందెల వరస. రత్నమ్మ ఇంట్లో మందులిచ్చి, రెండు బిందెలు తెచ్చి వరస చివర పెట్టి లోపలికొచ్చింది. మొదటి వక్త క్షమాపణ మీద యాభై నిమిషాలు మాట్లాడాడు, ఆయన్ని క్షమించడం మాకు చాలా కష్టమైంది. ఎవరూ మధ్యలో లేచిపోకుండా సంఘపెద్ద తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు.

నేను మైకు ముందుకి వచ్చేసరికి రెండు కావస్తోంది. నాలుక అంగిలికి అంటుకుపోతోంది. మూడో పాయింటులో ఉండగా ట్యాంకరు హారన్ వినిపించింది. ఆడవాళ్లంతా సగం లేచి తలుపు వైపు చూశారు, తర్వాత నావైపు చూశారు. వెళ్లిరండమ్మా అంటే సరిపోయేది. నాకింకా ఎనిమిది పాయింట్లున్నాయి.

చెయ్యెత్తి, "కూర్చోండి. ఇది సైతాను శోధన," అన్నాను.

మంచినీళ్ల ట్యాంకరుని సైతాను పంపాడన్న ప్రసంగీకుణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను. నిజంగానే కొందరు కూర్చున్నారు. రత్నమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, ఇంట్ల బాలింత ఉన్నది. నేను పోతున్న. నీళ్లు వట్టుకొని మల్లొచ్చి మీ మాట ఇంట."

గొంతులో కోపమేమీ లేదు. సంఘపెద్ద కుర్చీ జరిపాడు. ఆమె వెనకాలే షెడ్డంతా ఖాళీ అయింది. సంఘపెద్ద కూడా పోయాడు, ఆయన బిందె వరసలో మూడోదట. మిగిలింది ఇద్దరు ముసలివాళ్లూ, తమ కాగితాలు చూసుకుంటున్న తోటి వక్తలూ. దాహం గురించి ఆరు పాయింట్లు ఖాళీ చాపలకి చెప్పి, నోరెండిపోయి చివరి రెండూ వదిలేశాను. కోపమొచ్చింది, వీళ్లకి భక్తి లేదనుకున్నాను.

అరగంటకి ఒక్కొక్కరే తడిసిన చీరలతో తిరిగొచ్చారు. రత్నమ్మ రెండు బిందెలూ నింపుకుని ఇంట్లో దించి, మాటిచ్చినట్టే వచ్చి తన చోట కూర్చుంది. ఏడో మాట ముగిసేసరికి మూడున్నర. పాస్టరుగారు ముగింపు ప్రార్థన ఆమెను చెయ్యమన్నారు.

"ప్రభువా, ట్యాంకర్ వచ్చింది, నీకు స్తోత్రం. మా ఇంటాయనను తీసుకపోయినవు, నన్ను నిలవెట్టినవు. నా బిడ్డకు పాలు వడేటట్టు చెయ్యి. గద్వాల సారు పొద్దుగాల్నుంచి నీళ్లు ముట్టలే, మా కోసరమే కష్టపడ్డడు. ఆయన దాహం తీర్చు."

ఆమెన్ అన్నాక కూడా నేను కళ్లు తెరవలేదు. అందులో వెటకారం ఉంటే తట్టుకునేవాణ్ణి. లేదు. బయటికొచ్చాక ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది, ఆ కాసిని నీళ్లకి ఎంత పరుగెత్తిందో నాకు తెలుసు. ఉపవాసం ఊసెత్తకుండా చెంబంతా తాగేశాను.

ఐదుంపావుకి వనపర్తి బస్సు దొరికింది, కూర్చోడానికి చోటు కూడా. దారి అంత కష్టమైనదేం కాదు, ఎవరైనా వెళ్లిరావచ్చు. శ్రమల గురించి ఆ ఊరివాళ్లకి ఎవరూ వెళ్లి చెప్పనక్కర్లేదు. బస్సు కదిలాక కళ్లు మూసుకుని, చాలా రోజుల తర్వాత, పాయింట్లేమీ లేకుండా ప్రార్థన మొదలుపెట్టాను. రత్నమ్మ కూతురి కోసం అడగబోయి ఆగిపోయాను. దాదాపు రెండు గంటలు ఆ తల్లి పక్కన కూర్చుని, నేను ఆ పిల్ల పేరైనా అడగలేదు.