నీళ్లు కలపని పరీక్ష

మొన్న ఉప్పుగూడలో మా బావ, తన తమ్ముడి కొడుకును, కొత్తగా పెళ్లయిన కుర్రాణ్ణి, పిల్లల కోసం డాక్టరు దగ్గరికి పోనివ్వకుండా, చలికాలపు పొద్దున చన్నీళ్ల టబ్బులో కూర్చోబెట్టడం చూశాక, ఇన్నేళ్లుగా నేను మింగేసిన మాట ఇక దాచలేననిపించింది. ఆ టబ్బు వైద్యానికి మూలం నేనే.

అప్పట్లో చార్మినార్ దగ్గర ఒక చిన్న ల్యాబులో కొత్తగా చేరాను. అక్కకు పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లలు కాలేదు. పాల వ్యాపారం చేసే బావ, బయట పరీక్ష చేయించుకుంటే పరువు పోతుందని, వీర్యం డబ్బాను తువ్వాలులో చుట్టి, నా మొహం చూడకుండా నా చేతికే ఇచ్చాడు. వీర్యకణం పైపొర ఎలా పనిచేస్తుందో చూడటానికి దాన్ని పలచటి ద్రావణంలో వేసేవాళ్లం. పొర బాగుంటే నీరు లోపలికి చేరి తోక ఉబ్బి ముడుచుకుంటుంది, చెడితే నిటారుగానే ఉంటుంది. బావవి ఒక్కటీ ముడుచుకోలేదు. అంతకుముందే అవి చేపపిల్లల్లా ఈదడం చూసి కూడా, పొర చెడిందని రాసిన ఘనుణ్ణి నేను. ఆ పూట బావ అన్నం ముట్టలేదని అక్క చెప్పి ఏడ్చింది.

మర్నాడు బల్ల తుడుస్తుంటే, మూత తీయని డిస్టిల్డ్ వాటర్ సీసా కనిపించింది. చిక్కటి ద్రావణంలో నీళ్లు కలపకుండానే పరీక్ష చేశాను! రెండుసార్లు చూడటం మా పద్ధతని అబద్ధమాడి బావను మళ్లీ పిలిచాను. ఈలోపు ఎవరి మాటో విని ఆయన చన్నీళ్లలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఈసారి తోకలు చక్కగా ముడుచుకున్నాయి.

"చూసినవా బామ్మర్దీ, టబ్బు కమాల్!" అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో తలూపాను. తర్వాత మేనకోడలు పుట్టింది. పాలతోపాటు టబ్బు కీర్తీ ఇంటింటికీ చేరింది. బేగంబజార్‌లో టబ్బులమ్మేవాళ్లు నాకు దండ వేయాలి.

ఇప్పుడు బావ అమ్మేది ప్యాకెట్ పాలు, మా ల్యాబుకు వచ్చేది ముందే కలిపిన ద్రావణం. నీళ్లు కలిపే పని ఇద్దరికీ లేకుండా పోయింది. మొన్న ఆ టబ్బు పక్కనే నిలబడి అంతా చెప్పేశాను.

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "నీళ్లు కలుపుడు ఎట్లనో నన్నడగకపోతివి! గింతదానికి ఇన్నేండ్లు చలిల ముంచినవ్ రా?"

టబ్బులోని కుర్రాడు తువ్వాలు కూడా అందుకోకుండా ఇంట్లోకి పరుగెత్తాడు. బావ నవ్వాడు కాని, నాకు నవ్వు రాలేదు. ముట్టని కంచం ముందు కూర్చున్నది అక్క కదా. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, "తప్పయింది అక్కా" అన్నాను.