మిచికో గారి ఖాళీ ప్లేటు

చక్రవర్తి గారు బ్రహ్మాండమైన కంచు బుద్ధుణ్ణి పోత పోయిస్తున్నారు. సరిగ్గా అక్కడ మా గైడ్ మిచికో గారు మాట ఆపేశారు. పొద్దున స్టేషన్లో కలిసినప్పటి నుంచి ఊపిరి కూడా తీసుకోకుండా చరిత్ర చెప్పిన మనిషి, బుద్ధుణ్ణి సగం పోతలో వదిలేసి, పార్కు బెంచీ మీద కూలబడి కళ్ళు మూసుకున్నారు. చెవులు టమాటాల్లా ఉన్నాయి. ఏదో ప్రమాదం రాబోతోందని నాకు మొదటిసారి అనిపించిన క్షణం అదే. అది అప్పటికే వచ్చేసిందనీ, డబ్బాలో పెట్టి తెచ్చింది నేనేననీ తెలియడానికి ఇంకాస్త టైము పట్టింది.

ఇది మేం అమెరికాలోని శాన్ రామన్‌లో కాపురం పెట్టిన కొత్తలో జరిగింది. మా ఆయన రవికి జపాన్‌లో ఆఫీసు పని పడింది. పిల్లల్ని వెంటేసుకుని నేనూ బయల్దేరాను. ఒకరోజు నారా ఊరు చూడడానికి ప్రైవేట్ గైడ్‌ని బుక్ చేశాం. కారణం మా మేఘన. రెండో క్లాసు. నారాలో జింకలు మనుషులకి వంగి దండం పెడతాయని స్కూల్లో విని వచ్చింది. ఆ రోజు నుంచి సోఫాకీ, ఫ్రిజ్‌కీ, ఇంటి ముందు చెత్త డబ్బాకీ వంగి వంగి దండాలు పెడుతూ ప్రాక్టీస్ చేస్తోంది.

"టూరు మీకు కావలసినట్టు మార్చుకోవచ్చు" అన్నారు టూరు వాళ్ళు. నాలాంటి తల్లితో ఎవరైనా అనవలసిన మాటేనా అది? మెట్లున్న గుళ్ళు తీసేయించాను. చెరువు పక్క దారి తీసేయించాను (నాలుగేళ్ళ మా అబ్బాయి చింటూకి నీళ్ళు కనిపిస్తే చాలు, కాళ్ళు అటే పోతాయి). జింకలు కరుస్తాయని ఎక్కడో చదివాను కాబట్టి, గైడ్ పక్కన లేనిదే పిల్లలు వాటి దగ్గరికి వెళ్ళకూడదని షరతు పెట్టాను. భోజనం మేమే తెచ్చుకుంటాం, జింకలు దూరని గది చూడండి అన్నాను.

"స్వాతీ, ఊళ్ళో ఇంకేమైనా మిగిల్చావా?" అన్నాడు రవి.

భోజనం ఎందుకంటే, అక్కడ కూరగాయల సూపులో కూడా చేపల రసం ఉంటుందని శాన్ రామన్ స్నేహితులు నన్ను హడలగొట్టారు. అందుకే రైస్ కుక్కర్‌ని కూడా విమానం ఎక్కించాను. హోటల్ గదిలోనే పులిహోర కలిపాను. మధ్యాహ్నానికీ రాత్రికీ సరిపోయేంత.

నారాలో మధ్యాహ్నం పార్కు పక్కన ఒక గదిలో కూర్చుని డబ్బాలు విప్పాం.

"మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అన్నారు మిచికో గారు. ఇంగ్లిష్‌లోనే అనుకోండి. కానీ ఆ మాట ఏ భాషలో విన్నా మనం ఏం చేస్తామో మీకు తెలుసు కదా.

"భలేవారే! మేం తింటుంటే మీరు చూస్తూ కూర్చుంటారా?" అని ప్లేటు నింపి చేతికిచ్చాను.

ఆవిడ చేతులు జోడించి, తనలో ఏదో అనుకుని, ఒక్క మెతుకు లేకుండా తినేశారు.

"చాలా బాగుంది. ఈ పులుపు దేనిది?"

ఆ ప్రశ్నతో నేను మురిసిపోయాను. చింతపండు గురించి చెబుతూ ప్లేటు చూశాను. ఖాళీ! మళ్ళీ పెట్టాను.

"అయ్యో, చాలు..."

"మొహమాటపడకండి. బోలెడుంది."

మళ్ళీ ఖాళీ. ఈసారి పక్కన ఆవకాయ కూడా వేశాను.

"ఇంక చాలేమోనే" అన్నాడు రవి.

"నువ్వూరుకో. పాపం ఎంత ఆకలి మీదున్నారో! ప్లేటు చూడు, అద్దంలా ఉంది."

"అమ్మా, ఆంటీ క్రయింగ్" అన్నాడు చింటూ.

"ఆవకాయ కదా నాన్నా, హ్యాపీ టియర్స్."

రాత్రికని ఉంచిన పులిహోర కూడా అయిపోయి డబ్బా అడుగు కనిపించాకే నా చెయ్యి ఆగింది. అలా బయటికొచ్చి, చక్రవర్తి కథ మొదలుపెట్టి, ఇందాక చెప్పిన బెంచీ మీద కూలబడ్డారు ఆవిడ.

"హాస్పిటల్‌కి వెళ్దామా?" అన్నాను.

"వద్దు వద్దు. కొంచెం... ఎక్కువ తిన్నాను."

"మరి వదిలేయొచ్చు కదండీ!"

"వదిలేస్తే వండినవాళ్ళని అవమానించినట్టు. మా అమ్మ ఒక్క గింజ కూడా వదలనిచ్చేది కాదు. ఖాళీ చేస్తే మీరు ఆపుతారనుకున్నాను."

మా అమ్మేమో, అతిథి ప్లేటు ఖాళీగా కనిపిస్తే పెట్టేవాళ్ళకే అవమానమని పెంచింది. నింపడం నా మర్యాద, ఖాళీ చేయడం ఆవిడ మర్యాద. డబ్బాకి అడుగంటూ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మేమిద్దరం ఇప్పటికీ ఆ గదిలోనే ఉండేవాళ్ళం.

"సో, నో డీర్?" మేఘన గడ్డం వణికింది.

"నేను తీసుకెళ్తా పద" అన్నాడు రవి.

"కరుస్తాయి!" అని అరిచాను.

"గైడ్ లేకుండా వెళ్ళొద్దని అమ్మ రూల్ పెట్టింది నాన్నా" అంది మేఘన. దాని కళ్ళల్లో నీళ్ళు. అంత దూరం వచ్చి, చెత్త డబ్బాకి పెట్టిన దండాలన్నీ వృథా.

ఆ మాటల్లో గైడ్, రూల్ అన్న ముక్కలు మిచికో గారి చెవిన పడ్డాయి. కళ్ళు తెరిచారు. ఒక చెయ్యి బెంచీకి, ఒక చెయ్యి పొట్టకి ఆనించి, నిండు గర్భిణిలా లేచారు.

"రా మేఘనా" అంటూ జింకల బిస్కెట్లు కొనిచ్చారు. "ముందు వంగు. అదీ వంగాక పెట్టు. అయిపోయాక రెండు చేతులూ ఇలా విప్పి చూపించు. వాటికి అర్థమవుతుంది."

మేఘన వంగింది. ఎదురుగా జింక తల వంచింది. మేఘన మళ్ళీ వంగింది, అదీ మళ్ళీ వంచింది. నా కూతురి మొహం వెలిగిపోయింది. ఇంతలో బిస్కెట్లు అయిపోయాయి, ఇంకో నాలుగు జింకలు చుట్టుముట్టాయి. మేఘన రెండు చేతులూ విప్పి చూపించింది. పెద్ద జింక ఆ అరచేతుల్ని వాసన చూసి, హుందాగా పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. మిగతావీ దాని వెనకే వెళ్ళాయి.

మేఘన తన చేతులు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

"అమ్మా, డీర్‌కి ఎంప్టీ అంటే స్టాప్ అని తెలుసు. నీకెందుకు తెలీదు?"

మిచికో గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వితే పొట్ట నొప్పి పుట్టి మళ్ళీ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున హోటల్ గదిలో పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాను. రైస్ కుక్కర్ మీద చెయ్యేసి గంభీరంగా చెప్పాను: "ఇవాళ్టి నుంచి ఎవరైనా రెండు చేతులూ విప్పి చూపిస్తే, ఇంక నేను వడ్డించను. పిల్లలైనా సరే, పెద్దవాళ్ళైనా సరే. ఒట్టు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాల గ్లాసుల ముందు నాలుగు చేతులూ ఒక్కసారే విచ్చుకున్నాయి. వాళ్ళ వెనక రవివి కూడా.

"పాలకి ఆ రూలు లేదు" అన్నాను. "తాగండి."