మెట్ల అంచు కోటు

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. గుడ్డ కత్తిరించడం, కుట్టడం భర్త పని. కాజాలు తీసి బొత్తాలు కుట్టడం ఆమె పని. ఇన్నేళ్ళలో కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టిన పాపాన పోలేదు.

ఆయన పోయాక దుకాణం షట్టరు చాలాకాలం దించే ఉంది. ఎత్తిన రోజున బల్ల సొరుగులో నీలం గుడ్డ ముక్కల మూట దొరికింది. పైముక్క మీద సుద్దతో 'అమ్మాయి కోటు' అని ఆయన చేతిరాత. మంచాన పడేముందు ఆఖరుగా కత్తిరించింది అదే. వీడియో గేముల్లో బొమ్మల్లా తయారై వెళ్ళే వేడుక ఏదో ఉందని, దానికి నాన్న కోటు కుడతానన్నాడని కూతురు అంటూనే ఉంది.

కూతురు వచ్చేలోగా కుట్టి చేతిలో పెడదామని ముక్కలు బల్ల మీద పరిచింది. తలా తోకా తెలియలేదు. ఒక చెయ్యి మామూలుగా ఉంది, రెండోదాంట్లో ఇద్దరు దూరొచ్చు. కింది అంచు ఎలుక కొరికినట్టు మెట్లు మెట్లుగా ఉంది. చివరి రోజుల్లో ఆయన చేతిలో టీ గ్లాసు కూడా నిలిచేది కాదు. పాపం, చెయ్యి వణికింది కాబోలు. ఆయన కటింగుకు వంక పెట్టినవాళ్ళు లేరు, ఇప్పుడు నలుగురూ చూసి ఏమనుకుంటారు? కత్తెర తీసింది. మెట్లన్నీ కోసి అంచు తిన్నగా చేసింది. పెద్ద చేతి మీద కత్తెర ఆనించేసరికి కూతురు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"సరిచేస్తున్నానే. మీ నాన్నకి చెయ్యి కుదరలేదు."

కూతురు ఫోను తీసి ముందు పెట్టింది. అందులో చిన్న చిన్న గళ్ళతో చేసిన బొమ్మ ఒకటి అటూ ఇటూ పరిగెడుతోంది. కోటు అంచు మెట్లు మెట్లుగా ఉంది. ఒక చెయ్యి గుమ్మడికాయంత.

"ఇది మనిషేనా?"

"మనిషే."

"మరి ఆ చెయ్యి అలా వాచిందేం?"

"దాంతోనే కొడుతుంది."

"ఎవర్ని?"

"అమ్మా." కూతురు స్టూలు మీద కూలబడింది. "నాన్న ఈ బొమ్మని ఆపి ఆపి చూసి, ఇలాగే గీసుకున్నాడు. నాకోసం ఆయన కత్తిరించింది ఇదొక్కటే ఉంది. దాన్నీ కోసేశావు."

ఆమె బల్ల కింద పీలికల సంచీ లాగింది. దుకాణంలో చిన్న ముక్క కూడా పారేయకూడదన్నది ఆయన నియమం. తాను కోసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఏది ఎక్కడిదో తనకు అంతుపట్టలేదు. కూతురు ఫోను చూసి ఒక్కొక్కటే పక్కన పేర్చింది.

"కుడితే అతుకు కనిపిస్తుందే. ఆయనైతే ఒప్పుకునేవాడా?"

"కనిపించాలమ్మా. చూడు, బొమ్మకి అన్నిటి చుట్టూ నల్లగీత ఉంది. నల్ల పట్టీ వేసి కుట్టు."

అతుకు దాచడమే పనితనమనే ఇంట్లో బతికిన మనిషి ఆమె. కనిపించాలంటే ఎందుకో అర్థం కాలేదు. అయినా మిషను ముందు కూర్చుంది. ప్రతి మెట్టు చుట్టూ నల్ల పట్టీ తిప్పి తిప్పి కుట్టింది. కూతురు గుడ్డ పట్టుకుని నిలబడింది.

అన్నీ అయ్యాక మెడ పట్టీ దగ్గర చిన్న గాటు కనిపించింది. తాను కోసింది కాదు.

"ఇది గేములో ఉందా?"

కూతురు ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూసింది. "లేదు."

"మరి కావాలని తీశాడా, చెయ్యి వణికిందా?"

"ఏమోనమ్మా."

ఆమె కత్తెర వైపు చూసి, దాన్ని సొరుగులో పెట్టేసింది. ఆ గాటు చుట్టూ కూడా నల్ల పట్టీ వేసింది. తర్వాత సూదిలో దారం ఎక్కించి, కోటును ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఒసే, దీనికి కాజాలు ఏ పక్క తీయాలే?"