తాత కడిగిన గాజు గొట్టం

మా గల్లీ అటెండర్ తాత పోయాడు. ఆ మాట నాకు గద్వాల దిక్కు ఒక పత్తి చేలో తెలిసింది. పొద్దున పూట విత్తన పత్తికి క్రాసింగ్ చేస్తున్నాను. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు పుప్పొడి రుద్దే పని అది. ఎండ ముదిరితే ఆ పని పనికిరాదు, అందుకే ఫోన్ మోగినా ఎవరం ఎత్తం. అమ్మ మూడుసార్లు చేసింది. నాలుగోసారి ఎత్తాను.

"తాత పోయిండు బిడ్డా. తెల్లారి ఇంత జొన్న గటుక తాగిండట, మంచమ్మీద ఒరిగిండట. గంతే."

నేను అడిగిన మొదటి మాట వింటే మీరు నన్ను మనిషి కాదనుకుంటారు. "గ్లూకోజ్ బాటిల్ పెట్టిండ్రా?" అని అడిగాను.

"ఎవ్వలు పెట్టలే. ఆయన కోడలు పెట్టనియ్యలే."

అప్పుడు వదిలాను ఊపిరి. ఏడుపు తర్వాత వచ్చింది, వనపర్తి బస్సులో. ముందు వచ్చింది మాత్రం నిమ్మళమే.

తాత ముప్పై ఏళ్లకు పైగా ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్. చదివింది ఏడో తరగతి. గాజు సామాన్లు కడగడం, మందులు కలపడం, సార్లు వచ్చేలోపు బల్లలు సర్దడం ఆయన పని. పిల్లలకు పాఠం సార్లు చెప్పారు. ఏ సీసా ఎందుకు మూత తీసి పెట్టకూడదో, ఏ మంట మీద ఏది పగులుతుందో చెప్పింది తాతే. రిటైరయ్యాక ఒక స్పిరిట్ దీపం, చెక్క స్టాండు, నాలుగు టెస్ట్ ట్యూబులు ఇంట్లో పెట్టుకున్నాడు. ఇంకో సీసాలో మైలుతుత్తంతో తనే కలుపుకున్న నీలం మందు. గల్లీలో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

మా దగ్గర ఒక అలవాటుంది. సీజన్ ముగిసి చేల నుంచి వస్తే గ్లూకోజ్ పెట్టించుకుంటాం. బొంబాయి కూలి పనుల నుంచి దిగినా పెట్టించుకుంటాం. పెళ్లిలో తిరిగి కాళ్లు గుంజినా పెట్టించుకుంటాం. కిటికీ చువ్వకు సీసా వేలాడదీసి, మంచం మీద చెయ్యి చాపి పడుకుంటే పక్కింటివాళ్లు వచ్చి అడుగుతారు, "ఎన్ని ఎక్కినయి?" అని. రెండంటే గౌరవం. మూడంటే "అబ్బ, గట్టి పానం" అంటారు. ఆ సీసాలో ఏముందో అడిగినవాడు లేడు. మామూలుగా కట్టే సీసాలో ఉండేది నీళ్లూ, నాలుగైదు చెంచాల చక్కెర. అది తెలిసిన రోజు నాకు ఎవరిని కొట్టాలో అర్థం కాలేదు. అన్నేళ్లూ మా ఒంటికి కావలసింది తిండీ, ఒక రోజు పడకా. మాకు దొరికింది సూది.

రెండేళ్ల కింద అమ్మ చిక్కిపోవడం మొదలైంది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేది. చేలో గట్టు దాకా నడవలేక కూర్చునేది. బాత్రూం గడప దగ్గర చీమలు బారులు కట్టేవి. అందరూ ఎండ దెబ్బ అన్నారు. ఒక రోజు పగటిపూట అమ్మకు కళ్లు తేలిపోతుంటే గల్లీ ఆరెంపీ డాక్టరును నేనే పిలుచుకొచ్చాను. ఆయన సీసా కిటికీకి కట్టి, సూది చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు గుమ్మంలో తాత.

"ఆగు. ఆ సీసా ఇటియ్యి, చీటీ సదువుత."

"గ్లూకోజే తాతా, జర పక్కకు జరుగు," అన్నాడు ఆరెంపీ.

"డెక్స్‌ట్రోజ్ అని రాసుంది. రెండూ ఒక్కటే, నాకెరుకే. ఆమె మూత్రం సూసినవా?"

"వీక్‌నెస్‌కు మూత్రం సూసుడేంది తాతా? బలానికి పెడుతున్న."

నాకు తల తిరిగిపోయింది. "ట్యూబులు కడిగేటోనివి, నీకేం ఎరుక?" అని అరిచాను. "మా అమ్మ సస్తుంటే నీకు చీటీలు గావాల్నా?"

గల్లీ అంతా విన్నది. తాత నా దిక్కు చూడనే లేదు. అమ్మతో అన్నాడు: "బిడ్డా, ఒక్క లోటాల పోసి తెచ్చియ్యి. ఐదు నిమిషాల పని. అండ్ల ఏం తేలకపోతే, సీసా నేనే పట్టుకొని నిలబడుత."

అమ్మ నన్ను కాదని ఆయన మాట విన్నది. గోడ పట్టుకుని లేచింది.

తాత ట్యూబు తెచ్చి కడిగాడు. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ కడిగాడు. మూడోసారి కూడా కడుగుతుంటే నేను పళ్లు కొరికాను. తర్వాత నీలం మందు పోసి, అమ్మ తెచ్చిన లోటాలోంచి ఎనిమిది చుక్కలు లెక్కపెట్టి వేసి, దీపం మీద పట్టాడు. నీలం కాస్తా ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చ పసుపైంది. ఆ పసుపు చూస్తుండగానే కొత్త ఇటుక రంగులోకి దిగి అడుగున పేరుకుంది.

"ఈ నీలంల రాగి ఉంటది," అన్నాడు తాత. "గ్లూకోజ్ తగిలితే గిట్ల ఎర్రగ దిగుతది. ఈమె ఒంట్ల చక్కెర పొంగి పొర్లుతుంది. దాని మీద ఇంకింత పోస్తరా?"

ఆరెంపీ ముఖం తెల్లబడింది. సీసా విప్పి సంచిలో పెట్టుకున్నాడు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆటో పిలిచింది కూడా ఆయనే.

పెద్ద దవాఖానలో అమ్మ వేలి రక్తం చూస్తే మిషన్ అంకె చూపించలేకపోయింది. అంత ఎక్కువ. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "గ్లూకోజ్ ఏమైనా పెట్టించారా?" లేదన్నాను. "బతికించారు," అంది. నేను తల దించుకున్నాను. అంతలో నర్సు ఒక సీసా తెచ్చి అమ్మకు కట్టబోయింది. నేను ఎగిరి ఆ సీసా పట్టుకున్నాను. తాత నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

"చీటీ సదువు."

చదివాను. సోడియం క్లోరైడ్.

"అంటే ఉప్పు నీళ్లు. ఆమె ఒంట్ల నీళ్లు లెవ్వు, గందుకే అవి. సీసా కనబడంగనే గ్లూకోజేనా? పది దాక సదివినవ్, ఆ కండ్లు దేనికున్నయి పోరీ?"

నర్సు పక్కకు తిరిగి నవ్వింది. అంత భయంలో నాకూ నవ్వొచ్చింది.

అమ్మ దక్కింది. నేను తాత ఇంటికి పోవడం మొదలుపెట్టాను, పని లేని సాయంత్రాలు. తాత దగ్గర పిల్లలు పారేసిన ల్యాబ్ రికార్డులు కట్టలుగా ఉండేవి. అవే నా పుస్తకాలు. గ్లూకోజ్ అనే పేరు తీపి అనే పాత గ్రీకు మాట నుంచి వచ్చిందట. వెలుతురును కుడి పక్కకు తిప్పుతుంది కాబట్టి డెక్స్‌ట్రోజ్ అన్నారట. ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. పదో తరగతిలో ఇది బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది మా అమ్మ ఒంట్లో ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు.

"ఈత కల్లు పులిసేది దీంతోనే," అనేవాడు తాత. "చాక్లెట్లల్ల పోసే పాకం మక్క పిండి నుంచి తీసిన గ్లూకోజే. నువ్వు తినే జొన్న రొట్టె కడుపుల పడి అయ్యేది గదే. ఆఖరికి నీ పత్తి గూడ. గ్లూకోజ్ గింజలు దండ గుచ్చినట్టు గుచ్చితే పత్తి."

"అంటే నేను దినమంత చక్కెర తోటల పని జేస్తున్ననా?"

"అవ్. నాకితే మాత్రం తియ్యగుండది. గుచ్చిన తీరు వేరు."

ఆయన దగ్గర ఒక వింత ట్యూబు ఉండేది. లోపలంతా అద్దం. వెండి మందులో గ్లూకోజ్ కలిపి వేడి నీళ్లలో నిలబెడితే, వెండి గాజుకు అంటుకుని అలా అయిందట. వెనకట అద్దాలు కూడా ఇట్లాగే చేసేవాళ్లట. తాత అందులో చూసుకుని మీసం కత్తిరించుకునేవాడు. ముక్కు గుమ్మడికాయంత కనబడేది. "కాలేజీ ఇచ్చిన బహుమానం ఇదొక్కటే, అదీ నేనే జేస్కున్న," అని నవ్వేవాడు.

నేను చక్కెర అంటేనే పగబట్టాను. ఇంట్లో గింజ లేకుండా చేశాను. ఒక మధ్యాహ్నం అమ్మ ఇన్సులిన్ తీసుకుని, అన్నం ఆలస్యం చేసింది. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. తాత గ్లూకోజ్ పొడి డబ్బా పట్టుకుని ఉరికొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. "తాతా, అది ఇసం!"

"ఇప్పుడు గదే మందు. మాట వినవడుతుంది, మింగుతుంది. నోట్ల పొయ్యి!"

పోశాను. కాసేపటికి అమ్మ నన్ను గుర్తుపట్టి, "ఏందే, గట్ల సూస్తవ్?" అంది. తాత గోడకు ఆనుకుని చెప్పాడు: "చక్కెర మంచిది గాదు, చెడ్డది గాదు బిడ్డా. ఎవలి ఒంట్ల, ఇప్పుడు ఎంతుంది, గదడుగు."

ఇన్ని జరిగినా, ఆ రోజు అన్న మాటకు నేను క్షమించమని అడగలేదు. రెండేళ్లు నోరు రాలేదు. ఈ సీజనుకు బయల్దేరే ముందు రోజు పోయాను. తాత మంచం పట్టి నెలైంది. వయసు మీద పడ్డది, ఇష్టమైంది పెట్టమని చెప్పి డాక్టర్లు ఇంటికి పంపారు.

"బిడ్డా, నేను పొయ్యేముందల ఎవడో ఒకడు సీసా తెస్తడు," అన్నాడు. "అక్కర ఉండి గాదు, చుట్టాలు సూడాల్నని. నా నరాలు పొడవనియ్యకుండ్రి."

కోడలు, నేను ఇద్దరం మాటిచ్చాం. కోడలు చాటలో బియ్యం పట్టుకుని లోపలికి పోయాక అడిగేశాను. "తాతా, ఆ దినం ట్యూబులు కడిగేటోనివి అన్న."

"కడిగిన గదా. అబద్ధమేముంది?"

"అట్ల గాదు తాతా."

"నువ్వు తిట్టినవని నాకెరుకే. అయితేంది? ట్యూబు కడగకుంటే ఏ పరీక్ష నిజం జెప్పది. కడిగేటోడు లేకుంటే సార్లు బల్ల ముందల నిలబడి ఏం జేస్తరు, పాటలు పాడుతరా?" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "పోయిరా. పువ్వు వాడిపోకముందే చెయ్యి ఆడించు."

అది చెప్పకుండానే చేలకు పోయి ఉంటే ఆ ఫోను నేను ఎట్లా ఎత్తేదాన్నో నాకు తెలియదు. చెప్పాను. నా బరువు దిగింది. ఆయన చేతికి సూది పడలేదు. గటుక తాగి, ఒరిగి, పోయాడు. ఇంతకంటే ఏం అడుగుతాం?

తాతను మట్టి చేసే దగ్గర ఒక పెద్దాయన మాట్లాడుతూ, తాత చిన్న ఉద్యోగి అయినా క్రమశిక్షణ గల మనిషి అన్నాడు. చిన్న ఉద్యోగి అయినానట! నాకు మండింది. కానీ నేను అన్నదాని ముందు అదెంత? నోరు మూసుకుని పిడికెడు మట్టి వేశాను.

సాయంత్రం కోడలు స్టాండు, దీపం, నీలం సీసా తెచ్చి ఇచ్చింది. "నువ్వే తీస్కపో. ముట్టాలంటే నాకు బుగులు." ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ అంది, "నాది ఒకపారి సూడు."

"మొన్ననే గద దవాఖానల రక్తం జూసిండ్రు? బాగుందనిరి."

"అది దవాఖాన లెక్క. ఇది తాతది."

మూడుసార్లు కడిగాను. ఎనిమిది చుక్కలు వేశాను. దీపం మీద పట్టి ఊపిరి బిగబట్టాను. అమ్మ కళ్లు మూసుకుంది.

"ఏమాయెనే?"

"నీలంగనే ఉంది."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ట్యూబు మళ్లీ మూడుసార్లు కడిగి స్టాండులో బోర్లించి, ఆ రోజు సీసా కట్టిన కిటికీలోనే పెట్టాను. దాని అంచున ఒక నీటి చుక్క చాలాసేపు వేలాడింది, ఏ రంగూ లేకుండా.