దొరల దిబ్బకు ఫొటో లేదు

నా పరిశోధనలో నాలుగో అధ్యాయం నిజాంపట్నం రేవు మీద. మద్రాసు ఊసే లేని రోజుల్లో డచ్చివాళ్లూ, వాళ్ల వెనకే ఇంగ్లీషువాళ్లూ దిగి, బట్టల వ్యాపారానికి గిడ్డంగులు కట్టిన ఊరు. రాయడానికి బాగానే ఉంది. మా గైడుగారు మాత్రం, గిడ్డంగి ఉండేదనడానికి ఒక్క ఫొటో అయినా లేకపోతే అధ్యాయం తీసేయమన్నారు. తీసేస్తే దాని బదులు ఇంకోటి రాయాలి, అంటే చదువు ఇంకో ఏడాది. ఇప్పటికే తెనాలిలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లలు నన్ను చూసి చదువు మీద ఆశ వదులుకుంటున్నారు.

రేపల్లె ప్యాసింజరెక్కాను. స్టేషన్ బయట, నిజాంపట్నంలోనే వ్యవసాయం చేసుకునే మా పెదనాన్న మోటారుసైకిల్‌తో నిలబడి ఉన్నాడు. అక్కణ్ణించి దారి పొడుగునా చేలు, తర్వాత రొయ్యల చెరువులు. సముద్రం జాడ లేదు. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రుకి అది వెనక్కి జరుగుతూ పోయింది. దొరలు సరుకు దింపుకున్న చోటు నుంచి ఇప్పుడు పడవలు ఏటి వెంట చాలాసేపు పోతేగానీ అల తగలదు. సామ్రాజ్యాల పతనం గురించి ఒక పేరా అనుకున్నాను గానీ, అప్పటికే నడుం పట్టేసింది.

పాత పటంలో గిడ్డంగి ఉన్నచోట ఇప్పుడు నీళ్ల గుంట, అందులో రెండు గేదెలు. నేను పటాన్ని తిప్పితిప్పి చూస్తుంటే పెదనాన్న అడిగాడు.

"దొరల దిబ్బ కోసమా? ముందే అడగొద్దూ. అది లేదురా. తోలేశాంగా."

పాత ఇళ్లు కూలి దిబ్బకట్టిన మన్ను చేనుకి బలం. పాటిమన్ను అంటారు. ఎండాకాలం బండ్లు కట్టి తవ్వి తెచ్చి పొలాల్లో చల్లడం ఈ ప్రాంతమంతా చేసిన పనే. మా తాతా పెదనాన్నా రెండు వేసవులు ఆ దిబ్బను మా చేలోకి తోలారట. ఇటుక ముక్కలు, దొరలు పొగతాగిన తెల్లమట్టి గొట్టాల ముక్కలు వస్తే ఏరి గట్టున పారేశారట, అవీ తర్వాత దారి గుంటలు పూడ్చడానికి పోయాయట. ఆ ఏడు పంట చూడాల్సిందన్నాడు. నేను నాలుగేళ్లుగా వెతుకుతున్న గిడ్డంగిని మా ఇంట్లోవాళ్లు గోంగూరతో కలుపుకుని తినేశారన్నమాట.

ఈ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. ఆయన గట్టు మీద కూర్చున్నాడు.

"ఆ తవ్వకాల ఆఫీసోళ్లొచ్చి పొలం తవ్వరు గదా?"

"వాళ్లు ఫొటో తీయడానికే రాలేదు పెదనాన్నా."

"ఇది లేకపోతే నీ చదువు ఆగిద్దా?"

"ఆగిద్ది."

ఇంటిపేరుతో సహా, గీత దాటించి సంతకం చేశాడు.

గైడుగారు రెండుసార్లు చదివి, ఇది ఫొటో కాదుగా అన్నారు. కాదండి అన్నాను. కాసేపు ఫ్యాను వంక చూసి, నాలుగో అధ్యాయాన్ని మూడు పేజీలకు కుదించి మూడోదాంట్లో కలిపేయమన్నారు. పెదనాన్న మాట ఫుట్‌నోటులో పెట్టమన్నారు. నాకు ఏడాది కలిసొచ్చింది. రేవుకే ఏమీ కలిసి రాలేదు.

ఫోన్ చేసి పుస్తకంలో పడ్డావని పెదనాన్నకు చెప్పాను. ఎన్నో పేజీ అని అడిగాడు. చెప్పాను. అడుగున చిన్న అక్షరాల్లో అని మాత్రం చెప్పలేదు.